అక్క చేప పట్టలేదు

ఆవిడ శాంతమూర్తి అని మొదట మాట్లాడినాయన అన్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదని తరవాతి ఆయన అన్నాడు. న్యూజెర్సీ పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో మడతకుర్చీలు వేసి, ఎదురుగా తెర మీద ఆవిడ ఫోటో పెట్టి సంతాపసభ జరుపుతున్నారు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. ఆవిడ నన్నే ఎన్ని మాటలన్నదో నాకు గుర్తుంది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు కాబట్టి బాగా గుర్తుంది.

ఫోటోలో ఆవిడ తొడల్లోతు ఏటినీళ్ళలో నిలబడి ఉంది. ఛాతీ దాకా రబ్బరు దుస్తులు, నెత్తిన ఉన్ని టోపీ. రెండు చేతుల్లో పెద్ద సాల్మన్ చేప. ఆవిడ దాని మీదికి వంగి చూస్తోంది.

"ఆ ముఖంలో సంతోషం చూడండి," అన్నాడు ప్రసాద్, మైకు తీసుకుని. ఆవిడతో కలిసి చేపలవేటకి వెళ్ళిన మాలో ప్రసాద్ ఒకడు. "అక్క రాడ్ పట్టుకోవడం అదే ఫస్ట్ టైమండీ. ఫస్ట్ డేనే అంత చేపని పట్టేశారు. ఊరికే వస్తదా? రక్తంలో ఉండాలి."

జనం చప్పట్లు కొట్టారు.

ఆ ముఖంలో ఉన్నది సంతోషం కాదు. ఆవిడ వెతుకుతోంది. ఏం వెతుకుతోందో చెప్పే ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి.

పేరు రాయను. ఆవిడ ఎక్కడ చదివింది, ఎప్పుడు వచ్చింది, పెళ్ళి సంగతేమిటి, ఇవన్నీ సభలో చెప్పారు. కొన్ని తప్పులు చెప్పారు. భర్త గురించి ఎవరైనా అడిగితే ఆవిడ, "ఉన్నాడు. ఇక్కడ లేడు," అనేది. అంతకు మించి నేనూ అడగలేదు.

ఆవిడ సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇతరులు పూర్తయిందన్న పనిలో పూర్తికాని చోటు చూపించడం ఆవిడ ఉద్యోగం. ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం మానేది కాదు. ఆవిడ నోట్లో ఎప్పుడూ నలిగే మాట ఒకటుంది. "ఎవరు చెప్పారు?" వెటకారంగా అనేది కాదు. నిజంగానే అడిగేది. ఫలానా కషాయం తాగితే షుగర్ తగ్గిపోతుందని, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరో అన్నారనుకోండి.

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటున్నారండీ."

"అందర్లో ఒకళ్ళ పేరు చెప్పండి."

అక్కడితో కషాయం సంగతి ఆగిపోయేది. మెల్లగా ఆవిడ చుట్టూ ఉన్న కుర్చీలు కూడా ఖాళీ అయ్యేవి. ఆవిడ పట్టించుకునేది కాదు. ఎలాగూ నిలబడే తినేది.

ముప్పై ఏళ్ళవాడు "ఆంటీ" అని పిలిస్తే ఆగి, "నీ పిల్లలకి ఆంటీని. నీకు అక్కని. అది కష్టంగా ఉంటే పేరెట్టి పిలువు," అనేది. అందుకే మా కాంప్లెక్స్‌లో ఆవిడ అందరికీ అక్క.

నాకు పుస్తకాల పిచ్చి. సముద్రం ఒడ్డు బతుకుల మీద అందరూ మెచ్చుకునే నవల ఒకటి ఆవిడకి ఇచ్చాను. మర్నాడు సాయంత్రమే నా తలుపు కొట్టింది.

"చదివేశావా అక్కా?"

"చదివేను. ఇందులో చేపల వాసన లేదమ్మాయ్. పూల వాసనొస్తంది. రాసినాయన సముద్రాన్ని మేడ మీంచి చూశాడు."

ఆ తరవాత నేను ఆ నవల మళ్ళీ తెరిచాను. ఆవిడన్నది నిజం. అప్పటినుంచి పుస్తకాల్లో నాకు బాగా నచ్చిన వాక్యం కనిపిస్తే ముందు దాన్ని అనుమానించడం అలవాటైంది.

ఒకసారి ఒకరి గృహప్రవేశంలో, కాఫీ కప్పు పట్టుకుని ఓ పెద్దాయన ఆవిడ పక్కన చేరాడు. మనవాళ్ళు ఒక ప్రశ్నని ఎన్ని మెలికలు తిప్పి అడుగుతారో మీకు తెలుసు.

"మీ ఇంటిపేరు ఎప్పుడూ విన్లేదండీ. మీరు ఏ వైపు?"

"సముద్రం వైపండి. కాకినాడ కింద. చేపలోళ్ళం. మా అమ్మ తట్ట నెత్తినెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మేది." ఆయన ఏదో అనబోయాడు. "మీరే వైపో నేను అడగలేదు. చెప్పకండి," అంది ఆవిడ.

పల్లెత్తు మాట అనని మనిషి అంటే ఈవిడే.

ఇక వేట సంగతి. సెప్టెంబర్ చివర్లో న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన, పెద్ద సరస్సు నుంచి సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఏర్లలోకి ఎదురెక్కుతాయి. మా కాంప్లెక్స్ నుంచి వెళ్దామని ఎత్తుకున్నది ప్రసాదే. అతనిది గోదావరి లంకల్లో ఊరు. అతని దగ్గర ఒక సిద్ధాంతం ఉంది.

"సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. గోదాట్లోకి ఎదురెక్కితే పులస. పుస్తెలమ్మైనా తినాలంటారు. ఎందుకు? ఎదురీదింది కాబట్టి! స్టోర్లో మనం కొనే సాల్మన్ అంతా ఇలసేనండీ బాబూ. ఏరెక్కిన సాల్మన్ పులస. ఈ అమెరికా వాళ్ళకి తెలీదు గాని."

ఈ లెక్కకి మేమంతా పడిపోయాం. గోదావరి ఎరిగిన వాళ్ళు తప్ప ఇంకెవరూ ఈ పొరపాటు చెయ్యలేరు. "ఎవరు చెప్పారు?" అని ఆవిడ ఒక్కతే అడిగింది. "మా తాతలు చెప్పారక్కా," అన్నాడు ప్రసాద్. "మీ తాతలు సాల్మన్ చూశారా?" అంది. అతను నవ్వేశాడు.

ఏర్పాటు ఏమిటంటే మగవాళ్ళు ఏట్లోకి వెళ్తారు, ఆడవాళ్ళు అద్దె ఇంట్లో ఉండి పులుసుకి సిద్ధం చేస్తారు. ప్రసాద్ భార్య సుధ మట్టిదాక కూడా సర్దింది. అక్క విని, "నేను ఏట్లోకే," అంది. తరవాత నా వైపు చూసి, "ఈ అమ్మాయి కూడా," అంది. నన్ను అడగలేదు. అడిగితే నేను వద్దనేదాన్ని.

ఒకటే వ్యాన్. ప్రసాద్ నడిపాడు. పక్కన సుధ. వెనక ఆవిడా, నేనూ, మా కింది ఫ్లోర్ కుర్రాడు మహేశ్. మహేశ్‌ది కరీంనగర్. హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు, చెట్టు నీడ చూసినా పోలీసనుకుంటాడు.

"అక్కా, మీరుండగా మాకు గైడెందుకు చెప్పండి?" అన్నాడు ప్రసాద్ అద్దంలోంచి చూస్తూ.

"నాకు రాదు ప్రసాదూ."

"ఊరుకోండి. మీవాళ్ళకి ఒకళ్ళు నేర్పాలా? పుట్టుకతోనే వచ్చేస్తది."

అతను మెచ్చుకోలుగానే అన్నాడు. ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసింది. ఆకులు అప్పుడే రంగు మారుతున్నాయి.

"మా అమ్మ చేపలమ్మింది. పట్టలేదు. మా అమ్మమ్మా అంతే. మాలో ఆడది పడవెక్కకూడదు. వల దాటితేనే తిట్టేవోళ్ళు. నేను ఈత నేర్చుకుందే మన కాంప్లెక్స్ పూల్లో. రక్తంలో ఉంటే ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందంటావ్?"

ప్రసాద్ అద్దంలోంచి చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

"అందుకే ఇవాళ ఒక్కటైనా పట్టాలి," అంది ఆవిడే. "మా ఇంట్లో ఆడదాని గాలానికి పడే మొదటి చేప. పుట్టుకతో వచ్చి కాదు. నేర్చుకుని."

ఏటి దగ్గరి షాపులో రబ్బరు దుస్తులూ, రాడ్లూ అద్దెకి తీసుకున్నాం. షాపాయన ఒక్క నియమం గట్టిగా చెప్పాడు. గాలం నోట్లో దిగితేనే చేప మీది. వీపునో తోకనో తగులుకుంటే వెంటనే వదిలెయ్యాలి. ఇరుకు ఏట్లో ఇన్ని చేపలు ఎదురెక్కుతుంటే దారానికి అడ్డం పడి అలా తగులుకోవడం మామూలేనట. చేప తినడానికి ఎలా ఉంటుందని ఆవిడ అడిగింది. ఆయన మొహమాటంగా భుజాలు కదిపి, ఏరెక్కాక ఇక అవి మేత ముట్టవనీ, ఎరని చిరాకుకే కరుస్తాయనీ, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ ఈదుతాయనీ, ఆ మాంసం పొగబెట్టుకుంటే తినొచ్చేమోననీ అన్నాడు.

"వాళ్ళకి వండటం రాదక్కా," అన్నాడు ప్రసాద్ బయటికొచ్చి.

ఏట్లో జనం బారులు తీరి ఉన్నారు. నీళ్ళు రబ్బరులోంచి కూడా ఎముకల్ని కొరుకుతున్నాయి. కాళ్ళ కింద రాళ్ళు నాచు పట్టి జారుతున్నాయి. నా గాలం మొదటి విసురుకే వెనక చెట్టుకి తగులుకుంది. మహేశ్ దారం ప్రసాద్ దారంతో పెనవేసుకుంది. ఆవిడ మాత్రం విసరకుండా పక్కనున్న ముసలి అమెరికన్ని కాసేపు చూసింది. తరవాత ఆయన దగ్గరికి వెళ్ళి, తను బిగినర్ననీ, చూపించమనీ అడిగింది.

ప్రసాద్ సిగ్గుపడిపోయాడు. "బిగినర్ని అని చెప్పకండక్కా. లోకువైపోతాం."

"బిగినర్నే కదా. నువ్వు కాదా?"

"అంటే... చిన్నప్పుడు కాలవల్లో..."

"ఐతే నువ్వు చెప్పకు. నేను చెప్పుకుంటాను."

ఆ రోజు ఆవిడ ఆ మాట ఎంతమందికి చెప్పిందో. పక్కవాళ్ళు అడగకపోయినా చెప్పింది. ఐ యామ్ ఎ బిగినర్. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో మొహమాటం లేదు. ఎన్నేళ్ళుగానో ఎవరూ ఇవ్వనిదాన్ని తనంతట తాను తీసుకున్నట్టు అంది. పుట్టుకతో వచ్చిందని ఎవరైనా అంటే మనిషికి ఇక నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. తప్పు చెయ్యడానికి కూడా హక్కుండదు. ఆవిడ ఆ హక్కు కోసం చన్నీళ్ళలో నిలబడింది. విసిరింది, తప్పింది, మళ్ళీ విసిరింది.

ఎండ ఎక్కాక ఆవిడ రాడ్ ఒక్కసారి వంగింది. చేప తగిలితే అక్కడ ఇంగ్లీషులో "ఫిష్ ఆన్" అని అరవాలి. విన్నవాళ్ళంతా తమ దారాలు చుట్టేసుకుని దారి ఇస్తారు. ఆవిడ అది మర్చిపోయింది.

"పడింది! పడింది! పడిందర్రా!"

అర్థం కానివాళ్ళెవరూ లేరు. బారంతా దారాలు చుట్టేసింది. చేప వాలుకి లాగింది, మేమంతా ఆవిడ వెనక నీళ్ళలో తడబడుతూ పరిగెత్తాం. "వదలండి, వదలండి, ఇప్పుడు చుట్టండి!" అని ప్రసాద్ ఒకటే కేకలు. ముసలాయన మాట లేకుండా చేత్తో సైగ చేశాడు. ఆవిడ ఆ చెయ్యినే చూసింది. చివరికి మహేశ్ వలబుట్ట పెట్టి ఎత్తాడు. ఆవిడ చేపని రెండు చేతుల్లోకి తీసుకుని వంగింది. మహేశ్ ఫోన్ తీశాడు.

ఆ ఫోటో అదే. ఆవిడ గాలం ఎక్కడ దిగిందో వెతుకుతోంది.

నోట్లో లేదు. వీపు రెక్క వెనకాల, ఆవిడ ఎడమ బొటనవేలి పక్కన ఉంది.

"వదిలెయ్యాలి," అంది.

"అక్కా, నోట్లోంచి జారి అక్కడ తగిలిందేమో," అన్నాడు ప్రసాద్.

"ఎవరు చెప్పారు?"

"అసలు ఎవరు చూశారక్కా? బుట్టలో పెట్టేయండి!"

"నేను చూశాను."

"అక్కా, వద్దక్కా," అన్నాడు మహేశ్ అటూ ఇటూ చూస్తూ. "గా చేపల ఆఫీసరొచ్చి ఫైన్ టికెటిస్తే రేపు వీసా స్టాంపింగ్‌ల అడుగుతరు. అన్న ఊరికే అంటడు గని..."

"నీ వీసా కోసం కాదురా వదుల్తున్నది," అంది ఆవిడ. "ఇది ఎర కరవలేదు. దాని దారిన అది పోతంటే నా దారం అడ్డమొచ్చింది. నేను పట్టలేదు."

"సగం పట్టినట్టే కదక్కా."

"టెస్ట్ సగం పాసవుతుందా ప్రసాదూ?"

గాలం తీసి, చేపని నీళ్ళలో తల ఎదురుగా పట్టుకుని, అది తోక ఆడించేదాకా ఆగింది. అది వెళ్ళిపోయాక కూడా ఆ చేతులు అలాగే నీళ్ళలో ఉంచింది. ఆ ఒక్క చేప కోసం ఆవిడ ఎంత దూరం నుంచి వచ్చిందో మా అందరికీ తెలుసు. ఆవిడ ముఖం నేను చూశాను. చాలా కోపంగా ఉంది. లేచి మళ్ళీ విసిరింది.

పొద్దు వాలేదాకా ఆవిడకి ఇంకేమీ పడలేదు. పడింది ప్రసాద్‌కి. నోట్లోనే దిగింది. నల్లబడిన పెద్ద మగచేప, దవడ కొక్కెంలా వంగి ఉంది. ఒడ్డున చేపలు కోసే బల్ల ఒకటి ఉంది. ప్రసాద్ చేపని దాని మీద పడేసి, కత్తి మొన తనవైపు తిప్పుకుని, పిడి మర్యాదగా ఆవిడకి అందించాడు.

"మీకైతే చిటికెలో పనక్కా. మాకు రాదు."

"నాకు వచ్చు," అంది ఆవిడ. "అందుకే చెయ్యను."

అతను నవ్వబోయి ఆగాడు.

"చేతులు నీచు వాసనొస్తన్నాయని బళ్ళో నా పక్కన ఎవరూ కూచోలేదు. ఆ సాయంత్రం కత్తిపీట మా అమ్మకిచ్చేశాను. మళ్ళీ ఇవాళ నీ కోసం పట్టుకోమంటావా? నువ్వు పట్టావు, నువ్వే కొయ్యి."

ప్రసాద్ కోశాడు. ఘోరంగా కోశాడు. నెత్తురు చిందింది, పొలుసులు కళ్ళజోడుకి అంటుకున్నాయి. ఆవిడ ఆ పక్కనే నిలబడి డబ్బాలోంచి పులిహోర తింది. ఒక్క సలహా చెప్పలేదు. అంతా అయ్యాక మాత్రం సంచిలోంచి నిమ్మచెక్క తీసి అతని అరచేతిలో పెట్టింది. "సబ్బుతో పోదు. ఇది రుద్దు. గోళ్ళలో కూడా."

పులుసు సుధ పెట్టింది. చింతపండు, బెండకాయలు, ఇంటినుంచి తెచ్చిన ఆవకాయ నూనె, అన్నీ పులసకి చేసినట్టే చేసింది. మూత తీసేసరికి ముక్క లేదు. గరిటె తగిలితే చేప పేస్టులా విడిపోతోంది. అందరం ఓ ముద్ద తిన్నాం.

"పులసకేం తీసిపోదు," అన్నాడు ప్రసాద్.

"ఎవరు చెప్పారు?" అంది ఆవిడ. "బాగాలేదు. సుధా, నీ పులుసు బ్రహ్మాండంగా ఉంది. చేపే బాగాలేదు. పులస ఏరెక్కితే రుచొస్తది. ఇది ఏరెక్కితే ఒళ్ళు కరిగిపోద్ది. షాపాయన చెప్పాడు. మనమే వినలేదు."

సుధ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేనూ అదే అనుకుంటున్నానక్కా."

"అనుకుంటే చెప్పాలి."

చేప పక్కకి నెట్టి, పులుసు కలుపుకుని అన్నమంతా తిన్నాం. అంత బాగా నవ్విన భోజనం ఇంకొకటి నాకు గుర్తులేదు.

ఆ చలికాలంలోనే ఆవిడ జబ్బు బయటపడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఫైట్ చెయ్యండక్కా" అనేవారు. "ఎవరితో?" అని అడిగేది. మహేశ్ ఆ ఫోటో పెద్దది చేయించి తెచ్చిస్తే ఫ్రిజ్‌కి అంటించుకుంది. ఇంటికొచ్చే నర్సు దాన్ని చూసి, ఎంత పెద్ద చేప పట్టారని మెచ్చుకుంది. ఆవిడ సోఫాలోంచి లేచింది. లేవడం అప్పటికే కష్టంగా ఉంది. గోడ పట్టుకుని ఫ్రిజ్ దాకా నడిచి, వేలు పెట్టి గాలం చూపించింది. పట్టలేదు, వీపున తగిలింది, వదిలేశాను అని ఇంగ్లీషులో విడమరచి చెప్పింది. నర్సు మారితే కొత్త నర్సుకీ చెప్పింది.

"అంత ఓపిక ఎక్కడిదక్కా నీకు?" అన్నాను.

"పట్టని చేపని నా ఖాతాలో వేస్తే రేపు నిజంగా పట్టేదానికి విలువేముంటదమ్మాయ్? సీజనొస్తే మళ్ళీ పోదాం. నేనింకా పట్టలేదు."

సీజన్ వచ్చింది. ఆవిడ లేవలేకపోయింది. ఆ తరవాతి చలికాలం దాటకముందే పోయింది. చేప పట్టకుండానే పోయింది. ఈ వాక్యం రాయడం నాకు ఇష్టం లేదు. కానీ ఇది నిజం.

సభలో చప్పట్లు ఆగాయి. ప్రసాద్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. అతను అబద్ధాలకోరు కాదు. ఆవిడంటే ప్రాణం పెట్టేవాడు. పోయిన మనిషి చేతిలో ఒక చేప పెట్టి పంపాలనుకున్నాడు, అంతే. కానీ ఆ చేపతోపాటు ఆ రక్తాన్ని కూడా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చన్నీళ్ళలో రోజంతా నిలబడి వద్దన్నది దాన్నే.

నేను సభల్లో మాట్లాడే మనిషిని కాను. లేచి నిలబడ్డాక గాని లేచానని నాకు తెలియలేదు.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు.

"అక్క చేప పట్టలేదు. గాలం వీపున తగిలింది. వదిలేసింది. అక్కకి పుట్టుకతో ఏమీ రాలేదు. అక్క బిగినర్."

ముందు వరసలోని పెద్దాయన ఒకరు, "ఇప్పుడెందుకమ్మా అవన్నీ? పోయినావిడ గురించి నాలుగు మంచి మాటలు..." అన్నాడు.

"ఇది మంచి మాటేనండీ."

"అంటే... టెక్నికల్‌గా చూస్తే..." అని ప్రసాద్ మైకులో నసిగాడు.

"పట్టలేదండీ," అంది సుధ, కూర్చున్న చోటినుంచే. భర్త వైపు చూడలేదు. "పులుసులో చేప కూడా బాగాలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. లాప్‌టాప్ ముందు కూర్చున్న మహేశ్ తల పైకెత్తాడు. "జూమ్ చేస్తే కనిపిస్తది," అన్నాడు. ఎవరూ అడగకుండానే చేశాడు.

ముందు ఆకాశం తెర దాటిపోయింది. తరవాత ఉన్ని టోపీ, ఆవిడ నుదురు, కళ్ళు పోయాయి. చివరికి తెరంతా చేప వీపే మిగిలింది. నల్లటి మచ్చలు, వేళ్ళు, ఎడమ బొటనవేలు. దాని పక్కన, రెక్క వెనక, చిన్న గాలం.

ప్రసాద్ తెర వైపు తిరిగి చాలాసేపు చూశాడు. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది.

"వీపునే," అన్నాడు.

ఫోటో మళ్ళీ మామూలుగా చెయ్యనా అని మహేశ్ నన్ను సైగతో అడిగాడు. వద్దన్నాను. మాట్లాడాల్సిన వాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళంతా ఆ గాలం ముందు నిలబడే మాట్లాడారు. శాంతమూర్తి అన్న మాట మళ్ళీ ఎవరూ అనలేదు.